సుత్తి తర్వాత కొనుక్కోవచ్చు

ఇంట్లో కత్తి చేద్దామన్న కోరిక పుట్టినవాడు మొదట కొనేది సుత్తి. రెండోది దాగలి. దాగలి దొరక్కపోతే రైలు పట్టా ముక్క కోసం పాతసామాన్ల కొట్లు తిరుగుతాడు. కమ్మరి అనగానే మనకు గుర్తొచ్చే బొమ్మలో కొలిమి ఉంటుంది, ఎత్తిన సమ్మెట ఉంటుంది, చిందే నిప్పురవ్వలు ఉంటాయి. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కాకపోతే ఇనుప ముక్క కత్తిగా మారే అసలు ఘట్టం అందులో కనబడదు. సుత్తి ఇచ్చేది ఆకారం. ఆకారం మాత్రమే ఉంటే అది కత్తిలా కనిపించే రేకు. టమాటా తొక్క మీద జారిపోయే అలాంటి రేకులు మన వంటిళ్లలో కొల్లలు.

అంచు నిలవడమన్నది ఉక్కు లోపల జరిగే వ్యవహారం. ఇనుప పరమాణువుల వరసల మధ్య కార్బన్ పరమాణువులు ఎలా ఇరుక్కున్నాయన్నదే దాన్ని తేలుస్తుంది. ఉక్కులో కార్బన్ ఎంత ఉంది, దాన్ని ఎంత వేడి చేశాం, ఎంత త్వరగా చల్లార్చాం అన్న మూడు విషయాల మీద ఆ ఇరుకు ఆధారపడుతుంది. పనిముట్ల కోసం జేబులోంచి తీసే డబ్బు ఈ మూడింటి మీదికి పోవాలన్నది నా అభిప్రాయం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కొనుగోళ్లు చూస్తే డబ్బంతా ఆకారం మీదే పోయి, వేడిని కొలిచే వంతు వచ్చేసరికి జేబు ఖాళీ అయి ఉంటుంది.

రైలు పట్టా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. విదేశీ వీడియోల్లో అది చౌకరకం దాగలి. మన దేశంలో రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. కొట్టువాడు అమ్మాడు, నేను కొన్నాను అంటే చెల్లదు.

కమ్మరికి సుత్తి ఎందుకు అవసరమైందో చూస్తే, మనకు ఎందుకు అవసరం లేదో తెలుస్తుంది. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించి తీసేవారు. ఐరోపావాళ్లు వూట్జ్ అని పిలిచిన ఉక్కు అది. దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఊళ్లో మకాం పెట్టేవారు. హెన్రీ వోయ్సీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పనితీరును రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక దాన్ని అచ్చువేసింది. మూస పగలగొడితే చేతికొచ్చేది గుండ్రటి ముద్ద. ఆ ముద్దను పొడుగ్గా, పలచగా సాగదీయాలంటే దెబ్బలు తప్ప దారి లేదు. పైగా ఆ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి వేడి కాస్త ఎక్కువైతే దెబ్బకు చిట్లిపోయేది. దాన్ని లొంగదీయడానికి తరాల నేర్పు కావలసి వచ్చింది. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు 1819 నుంచి 1822 దాకా జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కు గుట్టు విప్పాలని తంటాలు పడ్డాడు. ఫారడే కమ్మరి కొడుకన్నది చాలామంది పట్టించుకోని సంగతి.

ఇప్పుడు ఆ దెబ్బలన్నీ రోలింగ్ మిల్లే కొట్టేసి, మూడు మిల్లీమీటర్ల పట్టీని తిన్నగా మన చేతిలో పెడుతోంది. కావలసిన ఆకారం ఆ పట్టీ లోపలే ఉంది. అక్కర్లేనిది తీసేస్తే సరిపోతుంది.

అయితే ఏ పట్టీ? ఇనుప కొట్లో మామూలుగా దొరికేది మైల్డ్ స్టీలు. అందులో కార్బన్ 0.2 శాతం దరిదాపుల్లో ఉంటుంది. గేట్లకూ గ్రిల్లులకూ అది బంగారం; ఎంత కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. కత్తికి 0.6 నుంచి 1 శాతం దాకా కార్బన్ ఉంటే మంచిది. ఎవరిని అడిగినా లారీ కమాను పట్టీ వాడమంటారు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల అవి గుట్టలుగా పడి ఉంటాయి. కార్బన్ 0.5, 0.6 శాతం ఉంటుంది. వాటితో చేసిన కొడవళ్లు, గొడ్డళ్లు బాగానే పనిచేస్తున్నాయి. చిక్కల్లా మందంతోనే. లారీ పట్టీ సెంటీమీటరు దాకా ఉంటుంది. దాన్ని మూడు మిల్లీమీటర్లకు దించాలంటే మళ్లీ కొలిమి, సమ్మెట, దాగలి, ఎదురుగా నిలబడి సమ్మెట వేసే మరో మనిషి కావాలి. ఉక్కు ఎంపికే పనిముట్ల జాబితాను రాసేస్తుందని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. పైగా ఏళ్ల తరబడి లక్షల సార్లు వంగి లేచిన ఉక్కులో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు.

కలప సామిల్లుల్లో అరిగిపోయిన బ్యాండు రంపం బ్లేడు ఇంతకంటే నయం. అది పలచగా ఉంటుంది, కార్బన్ 0.7, 0.8 శాతం ఉండటం సాధారణం. కూరగాయల కత్తికి అచ్చంగా సరిపోతుంది. ఇంకా మంచి దారి, అసలు రకం పేరు తెలిసిన ఉక్కును కొనడం: సీ75, సీ80, లేదా అమెరికా లెక్కలో 1084. ఈ చివరిదాంట్లో కార్బన్ 0.84 శాతం. ఇనుము, కార్బన్ కలయికలో 0.77 శాతం ఒక ప్రత్యేకమైన గడప. అక్కడ ఉక్కంతా 727 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా రూపం మారుస్తుంది, కార్బన్ చకచకా కరిగిపోతుంది. అంతకంటే చాలా ఎక్కువ కార్బన్, దానికి తోడు క్రోమియం ఉన్న బేరింగు ఉక్కు, అంటే ఈఎన్-31 లాంటివి, తగిన వేడి దగ్గర కొన్ని నిమిషాలు నిలకడగా ఉంచితే గానీ లొంగవు. ఇంటి కొలిమిలో ఆ నిలకడ దొరకదు. గడపకు దగ్గరగా ఉన్న ఉక్కు మన పొరపాట్లను క్షమిస్తుంది.

పాత ముక్క దొరికితే అందులో కార్బన్ ఉందో లేదో తేల్చడానికి గ్రైండరుకు ఆనించి రవ్వలు చూడాలి. మైల్డ్ స్టీలు రవ్వలు పొడవైన గీతలుగా పోతాయి, చివర్న పెద్దగా చీలవు. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు దగ్గర్లోనే పగిలి, పొదలాగా విచ్చుకుంటాయి. గాలిలో మండుతున్న ఆ చిన్న ఉక్కు బిందువు లోపల కార్బన్ వాయువుగా మారి, బయటికి దారి లేక బిందువును పేల్చేస్తుంది. తెలిసిన ఆకురాయి ముక్కనొకటి, మేకునొకటి పక్కన పెట్టుకుని మూడింటి రవ్వలూ పోల్చి చూస్తే తేడా ఇట్టే పట్టుబడుతుంది.

లెక్కల కోసం ఒక కత్తిని మనసులో పెట్టుకుందాం. 15 సెంటీమీటర్ల అలుగు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. వంటింటి కత్తి. దీనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. మన ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన అలుగుల జోలికే వస్తాయి. వాటిలోనూ ఇంటి పనికీ పొలం పనికీ ఉద్దేశించిన వాటిని మినహాయించాయి.

పట్టీని కోయడానికి హ్యాక్‌సా చాలు. బ్లేడు కొనేటప్పుడు అంగుళానికి 24 పళ్లున్నది అడగండి. కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆనుతూ ఉండాలి, లేకపోతే పళ్లు తగులుకుని విరుగుతాయి. 24 పళ్లంటే పంటికి పంటికి మధ్య మిల్లీమీటరుకు కాస్త పైన. మన 3 మిల్లీమీటర్ల పట్టీకి దాదాపుగా సరిపోతుంది.

ఆ తర్వాత అలుగుకు ఏటవాలు తీయాలి. ఇక్కడే అందరికీ బెల్టు గ్రైండరు మీద ఆశ పుడుతుంది. ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. అంచు నుంచి 20 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఏటవాలు తీస్తూ, అంచు దగ్గర 0.6 మిల్లీమీటరు మందం మిగిల్చామనుకుందాం. ఒక్కో పక్క తీయవలసింది 1.2 మిల్లీమీటర్ల లోతున్న త్రికోణం. రెండు పక్కలా కలిపి 3.6 ఘన సెంటీమీటర్లు, అంటే 28 గ్రాముల ఉక్కు. అంతే. ఈ 28 గ్రాముల కోసం ఒక యంత్రం, దానికో మోటారు, బెల్టుల ఖర్చు! మంచి ఆకురాయి ఉంటే కొన్ని సాయంత్రాల్లో అయిపోయే పని అది.

ఆకురాయిని తక్కువ చేసి చూడటం మనకు అలవాటు. అందులో ఉన్న శాస్త్రం చిన్నది కాదు. ఒక శాతానికి పైగా కార్బన్ ఉన్న ఉక్కుతో చేసి, పళ్లు కొట్టి, చివర్న గట్టిపరుస్తారు. రాక్‌వెల్ సి కొలతలో దాని గట్టిదనం 62 నుంచి 65 దాకా ఉంటుంది. మెత్తబరిచిన కత్తి ఉక్కు అదే కొలతలో 20 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి తేలిగ్గా తెగుతుంది. పళ్లన్నీ ముందుకే చూస్తాయి, తోసేటప్పుడే కోస్తాయి. వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కి పెట్టేవాళ్లు పళ్ల మొనలను తామే విరగ్గొట్టుకుంటున్నారు. కొనవలసినవి రెండు: 10 లేదా 12 అంగుళాల బల్లపరుపు బాస్టర్డ్ రకం ఒకటి, నునుపు చేయడానికి స్మూత్ రకం ఒకటి. పిడి లేకుండా మాత్రం వాడొద్దు, వెనకున్న మొన అరచేతిలో దిగుతుంది. పళ్ల మీద సుద్దముక్క రుద్దితే ఉక్కు పొడి ఇరుక్కోకుండా రాలిపోతుంది.

చేత్తో రాస్తే ఏటవాలు గుండ్రంగా వస్తుందన్నది నిజమే. మోచేయి ఆడే తీరు అలాంటిది. దానికి మందు ఒక కడ్డీ, ఒక కన్నమున్న బోల్టు. ఆకురాయికి కడ్డీ బిగించి, దాన్ని అలుగుకు 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టిన కన్నంలోంచి జారనిస్తే కోణం మారదు. మన కత్తికి కావలసిన వాలు 20 మిల్లీమీటర్లకు 1.2, అంటే మూడున్నర డిగ్రీల లోపు. 30 సెంటీమీటర్ల దూరంలో అది 18 మిల్లీమీటర్ల ఎత్తు. స్కేలుతో కొలిచి బోల్టు బిగిస్తే సరి. త్రికోణమితి దేనికి పనికొస్తుందని స్కూల్లో అడిగిన పిల్లలకు ఇది చూపించొచ్చు.

ఇదంతా కదలకుండా పట్టుకునేందుకు 4 అంగుళాల బెంచి వైసు కావాలి. ఆకారం తాలూకు పనిముట్లలో నేను మనసారా డబ్బు పెట్టమనేది దీని మీదే. బల్ల ఊగితే మీ బలం సగం బల్లను ఊపడానికే పోతుంది. యాంగిల్ గ్రైండరు ఉన్నవాళ్లు కోతకు వాడుకోవచ్చు, ఏటవాలుకు మాత్రం వద్దు. నాలుగు అంగుళాల చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు 207 కిలోమీటర్ల వేగంతో పోతోందని అర్థం. దెబ్బతిన్న చక్రం పగిలితే ముక్కలూ దాదాపు ఆ వేగంతోనే వస్తాయి. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి దిగొద్దు. రాపిడి దుమ్ముకు ఎన్-95 మాస్కు కూడా ఉండాలి. డ్రిల్లు వాడేటప్పుడు పట్టీని చేత్తో పట్టుకోవద్దు, బిట్టు తగులుకుంటే అలుగు ఫ్యానులా తిరుగుతుంది. రివెట్ల కన్నాలు మాత్రం గట్టిపరచకముందే వేయాలి. తర్వాత వేద్దామంటే మామూలు బిట్టు దిగదు.

ఇక అసలు పనికి వద్దాం.

అలుగును సుమారు 800 డిగ్రీలకు తీసుకెళ్లాలి. వంటింటి గ్యాసు మంట అంతకు రెట్టింపు వేడిగా ఉంటుంది కదా, పొయ్యి మీద పెడితే చాలదా? చాలదు. మంట వేడి వేరు, మంట లోపల పెట్టిన ఇనుము చేరే వేడి వేరు. ఎర్రబడిన ఇనుము తనలోని వేడిని వెలుగుగా, కనపడని కిరణాలుగా కుమ్మరిస్తూ ఉంటుంది. 1879లో యోసెఫ్ స్టెఫాన్ తేల్చినట్టు ఆ కుమ్మరింత ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లెక్క వేస్తే 800 డిగ్రీల దగ్గర మన చిన్న అలుగు దాదాపు 540 వాట్లు పారబోస్తుంది, ఇస్త్రీపెట్టె వాడే దాంట్లో సగానికి పైనే. పొయ్యి మంటలో అధికభాగం అలుగును తాకకుండానే పైకి పోతుంది కనుక ఆ నష్టాన్ని పూడ్చలేదు. పెద్ద మంట తెచ్చుకోవడం దీనికి విరుగుడు కాదు. చుట్టూ గోడలు కట్టి, అలుగు పారబోసింది మళ్లీ దాని మీదికే వచ్చేలా చేయాలి. కొలిమంటే ప్రధానంగా ఆ గోడలే.

అందుకు తేలికపాటి ఫైర్ బ్రిక్కులు వాడొచ్చు. లోపల సూక్ష్మమైన గాలి గదులుండటం వల్ల అవి వేడిని త్వరగా పోనివ్వవు. మామూలు ఎర్ర ఇటుకలు పగులుతాయి. తడి ఇటుక, తడి రాయి, కాంక్రీటు నిప్పు పక్కన పెట్టొద్దు. లోపలి నీరు ఆవిరై వాటిని పేల్చేస్తుంది. ఇంధనానికి ఇస్త్రీ బండ్లవాళ్లు కొనే కట్టెబొగ్గు చాలు. వంటగ్యాసు సిలిండరును ఇలాంటి పనికి మళ్లించడం నిబంధనలకూ విరుద్ధం, ప్రమాదం కూడా. గాలికి చేత్తో తిప్పే బ్లోయరు మేలు. ఊళ్లలో తోలుతిత్తి పోయాక కమ్మరులు పట్టుకున్నది దాన్నే, కారణం లేకుండా కాదు. బొగ్గు కొలిమిలో వేడిని పెంచే మీట గాలి ఒక్కటే. తిప్పడం ఆపితే వేడి ఆగుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పెడితే ఆ అదుపు పోయి, పలచని మొన తెల్లబడి రాలిపోతుంది.

మరో చిట్కా ఖర్చు లేనిది. బొగ్గుల మధ్య ఒక ఇనుప గొట్టం పెట్టి, అలుగును ఆ గొట్టంలో ఉంచండి. గొట్టం గోడలు అన్ని వైపుల నుంచీ ఒకే తీరు వేడిని ఇస్తాయి, బొగ్గు ముక్క ఒకచోట ఆనుకుని అక్కడే కాల్చేయడం ఉండదు. ఆ గొట్టం నల్ల ఇనుముదై ఉండాలి. నీళ్ల పైపుల జీఐ గొట్టం మీద జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీలకు మరిగిపోతుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

800 అని ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు కొనడానికే నేను డబ్బు దాచుకోమన్నది. చిత్రమేమిటంటే జవాబుల్లో చాలావరకు చౌక. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం మొదటిది. గది వేడి దగ్గర ఇనుప పరమాణువులు అయస్కాంతానికి లొంగే అమరికలో ఉంటాయి. మన ఉక్కు 727 డిగ్రీలు దాటి ఆస్టెనైట్ అనే కొత్త అమరికలోకి మారగానే అయస్కాంతం దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అలుగును అప్పుడప్పుడూ బయటికి తీసి ఆనించి చూస్తూ, అంటుకోవడం ఎప్పుడు ఆగిందో గమనించాలి. ఆగాక ఇంకో 70, 80 డిగ్రీలు పైకి వెళ్లాలి, కార్బన్ పూర్తిగా కరగడానికి. అయస్కాంతం కొనేపనైతే మెరిసే నియోడిమియం రకం వద్దు. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటగానే శక్తి కోల్పోవడం మొదలుపెడుతుంది. నల్లటి ఫెర్రైట్ రకం ఓర్చుకుంటుంది.

ఆ పై 70, 80 డిగ్రీలకు వంటింటి ఉప్పు సాయపడుతుంది. శుద్ధమైన ఉప్పు 801 డిగ్రీలకు కరుగుతుంది. పరీక్ష ముక్క మీద చిటికెడు చల్లితే, గింజలు తడిగా మెరిసి పరుచుకున్న క్షణం మనకు కావలసిన వేడి. ఆ సమయంలో ఇనుము ఏ రంగులో ఉందో కంటికి నేర్పించుకోవాలి. వేడెక్కిన వస్తువేదైనా సుమారు 525 డిగ్రీల దగ్గర మసక ఎరుపుతో మెరవడం మొదలుపెడుతుందని జాన్ విలియం డ్రేపర్ 1847లో చూపించాడు. అక్కణ్నుంచి ఎరుపు తేటబడి, నారింజకు తిరుగుతుంది. అయితే ఈ రంగులు చీకటి పక్కన పెట్టి చూసినప్పటివి. మే నెల మధ్యాహ్నం రెంటచింతల ఎండలో నిలబడి చూస్తే ఎర్రగా కాలిన ఇనుము కూడా నల్లగానే కనబడుతుంది, చూసేవాడు మరింత కాల్చి చెడగొడతాడు. మసక చీకటి పడ్డాక, లేదా నీడపట్టున చేయాల్సిన పని ఇది.

నీడలో చూస్తే ఇంకో వింత కూడా దొరుకుతుంది. వేడెక్కుతున్న అలుగు మీద నల్లటి నీడల్లాంటివి మెల్లగా కదులుతాయి. అమరిక మారుతున్న చోట ఉక్కు వేడిని లోపలికి మింగేస్తుంది, చుట్టుపక్కలకంటే కాసేపు వెనకబడుతుంది. చల్లారేటప్పుడు మింగినదాన్ని కక్కి, ఒక్క క్షణం తిరిగి ఎర్రబడుతుంది. విలియం బారెట్ 1873లో వర్ణించిన విషయం అది. ఆ నీడలు అలుగంతా దాటిపోయాయంటే మార్పు పూర్తయినట్టే. ఏ మీటరూ అంత నిజాయితీగా చెప్పలేదు.

అంకెలంటే ఇష్టమున్నవాళ్లు కె-రకం థర్మోకపుల్ కొనుక్కోవచ్చు. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడి చేస్తే విద్యుత్తు పుడుతుందని జీబెక్ 1821లో కనిపెట్టాడు. ఈ రకం 800 డిగ్రీల దగ్గర 33 మిల్లీవోల్టులు ఇస్తుంది. మల్టీమీటరుతో వచ్చే సన్నటి తీగ కొలిమికి పనికిరాదు, దాని తొడుగు కాలిపోతుంది. ఉక్కు గొట్టంలో పెట్టిన కడ్డీ రకం అడగాలి. దూరం నుంచి చూపించి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ మాత్రం వద్దు. చౌకరకాలు నాలుగైదు వందల డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, మెరిసే ఉక్కు మీద అంకె కూడా తప్పుతుంది.

కాలిన అలుగును చల్లార్చడానికి నూనె. సుమారు ఒక్క సెకనులో 800 నుంచి 540 డిగ్రీల కిందికి పడిపోతేనే కార్బన్ తప్పించుకోలేక ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కున్న రూపమే మార్టెన్‌సైట్, జర్మన్ లోహ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద. నీళ్లయితే ఇంకా వేగం కదా అంటారు. వేగమే, నమ్మకం లేదు. ఎర్రటి ఇనుము చుట్టూ నీరు ఆవిరి తొడుగు కట్టుకుంటుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ గమనించిన విషయమిది. ఆ తొడుగు ఒకచోట ముందు, ఒకచోట వెనక విరుగుతుంది. ఒక భాగం చల్లబడి మరో భాగం ఇంకా ఎర్రగా ఉంటే మధ్యలో పగులు తీస్తుంది. వేరుశెనగ నూనెను 50 డిగ్రీలకు వెచ్చబెట్టి వాడండి. వెచ్చటి నూనె పలచబడి, అలుగు చుట్టూ చురుగ్గా కదిలి, చల్లటి నూనెకంటే వేగంగా వేడిని లాగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ అంతే. వాడేసిన ఇంజను నూనె వద్దు, అందులో ఏమేం కలిసి ఉన్నాయో ఆ పొగ పీల్చేవాడికి తెలియదు.

నూనె పరిమాణంలో పిసినారితనం పనికిరాదు. 100 గ్రాముల అలుగు 800 నుంచి చల్లారుతూ 60 కిలోజౌళ్ల దాకా వేడిని దించుతుంది. అరలీటరు నూనె అయితే 60 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. నాలుగు లీటర్లకు ఎనిమిది డిగ్రీలు దాటదు. ఎత్తైన స్టీలు డబ్బా, దానికి సరిపోయే మూత తీసుకోండి. పైన మంట అంటుకుంటే మూత పెట్టేయాలి, నీళ్లు చల్లకూడదు. అలుగును మొన కిందికి పెట్టి నిలువుగా దించి, కోస్తున్నట్టు ముందుకీ వెనక్కీ కదపండి. పక్కలకు ఊపితే ఒక పక్క ముందు చల్లారి ఒంకర తిరుగుతుంది. కొద్దిగా తిరిగినా కంగారు లేదు. మార్టెన్‌సైట్ పుట్టడం సుమారు 200 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది కాబట్టి, నూనెలోంచి తీసిన కొన్ని క్షణాలు అలుగు ఇంకా లొంగుతుంది. మందపాటి తోలు చేతితొడుగులతో అప్పుడే సరిచేయాలి. ఆ తర్వాత ప్రయత్నిస్తే గాజులా విరుగుతుంది.

అసలు అలుగుకు ముందు ఇదంతా అదే పట్టీలోంచి కోసిన వేలెడంత ముక్క మీద చేయండి. ముంచాక వైసులో బిగించి, పాతగుడ్డ కప్పి, ఇంట్లో మేకులు కొట్టే మామూలు సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. సుత్తి అవసరం ఇంతవరకే. వంగితే అది గట్టిపడలేదు. ఠప్పున విరిగితే విరిగిన ముఖాన్ని వెలుతురులో చూడండి. బూడిదరంగులో పట్టులా నునుపుగా ఉంటే వేడి సరిగ్గా కుదిరింది. పలుకులు పలుకులుగా మెరిస్తే ఎక్కువ కాల్చారు. వేడి ఎక్కువైనకొద్దీ ఉక్కు స్ఫటికాలు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి, పెద్ద స్ఫటికాల మధ్య పగులు సులువుగా పరుగెడుతుంది. రెండు మూడు ముక్కలు వేర్వేరు వేడి దగ్గర ముంచి విరిచి చూస్తే, పుస్తకం ఎన్ని పేజీల్లో చెప్పినా తెలియనిది చేతికి తెలుస్తుంది.

అలుగు వంతు వచ్చాక దాన్ని విరవలేం కనుక ఆకురాయిని మళ్లీ తీయాలి. ఇంతకుముందు దీన్ని కోసిన ఆకురాయే ఇప్పుడు గాజు మీద పడ్డట్టు జారిపోవాలి. పైపైన కొద్దిగా పట్టి, రెండు మూడు రాపిళ్ల తర్వాత జారితే కూడా మంచిదే. కొలిమి గాలి పై పొరలోని కార్బన్‌ను కొంత తినేసింది, లోపల బాగానే ఉంది. అంచు దగ్గర ముందే 0.6 మిల్లీమీటరు మిగుల్చుకోమన్నది ఈ పొరను తర్వాత తీసేయడానికే.

ఈ దశలో అలుగు నేల మీద పడితే రెండు ముక్కలవుతుంది. ఆలస్యం చేయకుండా వంటింటి ఓటీజీలోకి చేర్చాలి. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయటికి తీసి చల్లారాక మళ్లీ రెండు గంటలు. ఇరుక్కున్న కార్బన్‌లో కొంత కదిలి సూక్ష్మమైన కార్బైడు రేణువులుగా మారుతుంది, గట్టిదనం 60 దరిదాపులకు దిగి పెళుసుదనం పోతుంది. ఓవెన్ మీట చూపించే అంకెను నమ్మొద్దు. లోపలి థర్మోస్టాటు ఆగుతూ వెలుగుతూ ఇరవై ముప్పై డిగ్రీలు ఊగొచ్చు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఓవెన్ థర్మామీటరొకటి లోపల పెట్టి, అలుగును ఇసుక నింపిన ట్రేలో పాతిపెడితే ఆ ఊగులాట సర్దుకుంటుంది. ముందే కాస్త మెరుగుపెట్టి ఉంచితే అలుగు లేత గడ్డి రంగుకు తిరగడం కనబడుతుంది. అది రంగు పదార్థం కాదు. పైన ఏర్పడిన పలచని ఆక్సైడు పొరలో కాంతి తరంగాలు కలిసి విడిపోతూ చూపించేది. పొర మందమైతే గోధుమ, ఊదా, చివరికి 300 దగ్గర నీలం. గట్టిపరిచాక గ్రైండరు ఆనించినప్పుడు అంచు నీలంగా మారిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. అందుకే చివరి రాపిడి నీళ్లలో తడిపిన ఎమరీ పేపరుతో, చేత్తో చేయడం మంచిది.

నూరడానికి మామూలు సిలికాన్ కార్బైడు రాయి చాలు. 1891లో ఎడ్వర్డ్ ఆచిసన్ అమెరికాలో దాన్ని తయారుచేసే దారి కనిపెట్టినప్పట్నుంచి సాన పట్టడం చవకైంది. పక్కకు 15 డిగ్రీల కోణం కావాలంటే 3 సెంటీమీటర్ల అలుగు వెన్ను రాయి మీద నుంచి 8 మిల్లీమీటర్లు లేచి ఉండాలి.

జాబితాలో చివరిది 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ. దాన్ని వైసులో అడ్డంగా బిగించి, నూరిన అంచును సాన పట్టిన కోణంలోనే ఆనించి, కొద్దిగా నొక్కుతూ ఒక చివర నుంచి మరో చివరకు జరపండి. అవతల దీపం పెట్టుకుంటే అంచు కడ్డీ మీద సన్నగా వంగడం కనబడుతుంది. కడ్డీ దాటగానే తిన్నగా వచ్చేస్తే కత్తి అయినట్టే. చిట్లితే ఇంకా పెళుసుగా ఉంది, 215 డిగ్రీల దగ్గర మరో రెండు గంటలు పెట్టి మళ్లీ నూరాలి. వంగి అలాగే ఉండిపోతే ఓవెన్ చేయగలిగేదేమీ లేదు. బొగ్గులు రాజేసి, అయస్కాంతం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పిడి అతికించేది ఈ పరీక్ష అయ్యాకే. ఎపాక్సీ పూసి రివెట్లు బిగించేశాక ఆ కత్తిని తిరిగి నిప్పుల్లో పెట్టడం కుదరదు.